టైటానియం బ్లేడ్‌కు తగిలిన దెబ్బ: సొట్ట లోతు చెప్పని సంగతులు

రన్‌వే మీద పడి ఉన్న గులకరాయికి సొంతంగా వేగమంటూ ఏమీ ఉండదు. ఇంజిన్ దాన్ని గాలితో పాటు లోపలికి లాక్కున్నా అది కదిలేది కాస్త నిదానంగానే. వేగమంతా బ్లేడ్‌ది. జెట్ ఇంజిన్ ముందు తిరిగే ఫ్యాన్ బ్లేడ్ కొస సెకనుకు 400 మీటర్లకు అటూఇటూగా తిరుగుతుంటుంది. అంటే బ్లేడే వెళ్లి రాయిని కొడుతోందన్నమాట. ఆ తాకిడికి బ్లేడ్ ముందంచు మీద అర మిల్లీమీటరు లోతు గాటు పడిందనుకుందాం. అదే బ్లేడ్‌ను యంత్రానికి బిగించి తెగేదాకా లాగితే, గాటు లేని బ్లేడ్ మోసినంత బరువును దాదాపుగా మోస్తుంది. కానీ దాన్ని కోటిసార్లు ఊపి చూస్తే లెక్క మారిపోతుంది. తట్టుకోగల కంపనం సగానికి, ఒక్కోసారి అంతకంటే తక్కువకు పడిపోతుంది.

ఒకే దెబ్బకు మామూలు బలం చెక్కుచెదరకుండా, ఫెటీగ్ బలం (పదే పదే పడే ఊపులను తట్టుకునే బలం) మాత్రం ఇంతగా ఎందుకు కుంగుతుంది? గాటు లోతు కొలిస్తే సరిపోదా? సరిపోదు. లోతు అనేది కంటికి కనిపించే కొలత, కొలవడానికి తేలికైన కొలత. ఫెటీగ్‌ను శాసించేవి ఎక్కువగా కంటికి కనిపించనివి.

ఇలాంటి దెబ్బలు టైటానియానికే ఎక్కువగా తగలడానికి కారణం అది ఉండే చోటు. జెట్ ఇంజిన్‌లో ముందు వరుసలో నిలబడేది అదే. టీఐ-6ఏఎల్-4వీ అనే మిశ్రమలోహంలో బరువు లెక్కన 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం ఉంటాయి. సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 4.4 గ్రాములు, అంటే ఉక్కులో సగానికి కొంచెం ఎక్కువ. బలం మాత్రం చాలా ఉక్కులకు దీటుగా 900 మెగాపాస్కల్ (చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు అనే కొలత) పైనే. తిరిగే భాగం తేలికైతే దాని మీద పడే అపకేంద్ర బలమూ తగ్గుతుంది. అందుకే ఫ్యాన్‌లోనూ, దాని వెనక గాలిని నొక్కే కంప్రెసర్ ముందు దశల్లోనూ దశాబ్దాలుగా దీనిదే రాజ్యం. ఇటీవలి పెద్ద ఇంజిన్లలో ఫ్యాన్ బ్లేడ్లను కార్బన్ ఫైబర్ కాంపోజిట్‌తో చేస్తున్నా, వాటి ముందంచుకు లోహపు తొడుగు వేస్తారు. చాలా డిజైన్లలో అదీ టైటానియమే. దెబ్బ కాచుకునే పని తిరిగి తిరిగి దాని దగ్గరికే వస్తుంది.

కోటి ఊపులకు మూడు గంటలు చాలు

ఫెటీగ్‌లో రెండు రకాలున్నాయి. ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, పూర్తి వేగానికి తీసుకెళ్లి, మళ్లీ ఆపితే ఒక పెద్ద చక్రం. ఇలాంటివి బ్లేడ్ జీవితంలో వేలల్లో ఉంటాయి. వాటి వల్ల పగులు పుట్టినా పెరగడానికి టైమ్ పడుతుంది, ఆలోగా తనిఖీల్లో పట్టుకునే అవకాశం ఉంటుంది. రెండోది కంపనం వల్ల వచ్చేది. ఒక్కో ఊపు చిన్నదే, కానీ సెకనుకు వందల నుంచి వేల ఊపులు పడతాయి. బ్లేడ్ 1000 హెర్ట్జ్‌తో కంపిస్తే కోటి చక్రాలు పూర్తి కావడానికి 10,000 సెకన్లు, అంటే మూడు గంటల లోపే పడుతుంది. ఒక్క సుదీర్ఘ ప్రయాణంలోనే అంతా అయిపోవచ్చు.

కాబట్టి పగులు పెరుగుతుంటే గమనిస్తూ ఉందాం అనే పద్ధతి ఇక్కడ నడవదు. పెరగడం మొదలయ్యాక మిగిలే టైమ్ తనిఖీల మధ్య విరామం కంటే తక్కువ. డిజైనర్‌కు మిగిలిన దారి ఒక్కటే: పగులు అసలు కదలకుండా చూడటం. 1990ల మధ్యలో అమెరికా వైమానిక దళం ఈ సమస్య మీద పెద్ద పరిశోధన కార్యక్రమమే నడిపింది. మిలిటరీ ఇంజిన్లలో కంపన ఫెటీగ్ వైఫల్యాలు మరీ ఎక్కువ కావడం, వాటిలో చాలావాటికి మూలం బయటి వస్తువులు చేసిన గాట్లేనని తేలడం అందుకు కారణం. ఈ అంశం మీద ఇప్పుడు మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఆ కాలపు ప్రయోగాల నుంచే వచ్చింది.

బయటి వస్తువుల్లో అన్నీ ఒకలాంటివి కావు. పక్షి తగిలితే బ్లేడ్ వంగొచ్చు, మెలి తిరగొచ్చు, మరీ పెద్దదైతే విరగొచ్చు. అది మెత్తటి దెబ్బ, విస్తారమైన చోట పడుతుంది, చూడగానే తెలుస్తుంది. ఫెటీగ్ పరంగా అసలు గొడవ రాళ్లు, రివెట్లు, వాషర్లు, తెగిన తీగ ముక్కల్లాంటి గట్టి, చిన్న వస్తువులతో. (టైటానియమే అలాంటి చెత్తగా మారిన సందర్భమూ ఉంది. 2000 జూలై 25న పారిస్ దగ్గర కూలిన కాంకార్డ్ టైరును కోసింది, అంతకుముందు టేకాఫ్ అయిన వేరే విమానం నుంచి రాలిపడ్డ టైటానియం పట్టీ అని ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ తేల్చింది. అది ఫెటీగ్ కథ కాదు, కానీ రన్‌వే మీది చిన్న ముక్క ఎంత పని చేయగలదో చూపిస్తుంది.)

దెబ్బ పడిన ఆ క్షణంలో

ల్యాబ్‌లో ఈ దెబ్బను అనుకరించడానికి తరచుగా వాడేది 3.2 మిల్లీమీటర్ల ఉక్కు గోళీ. దాని బరువు 0.13 గ్రాములు మాత్రమే. గ్యాస్ గన్‌తో సెకనుకు 300 మీటర్ల వేగంతో వదిలితే దాని శక్తి 6 జౌళ్లు. 600 గ్రాముల బరువును మీటరు ఎత్తు నుంచి వదిలితే వచ్చే శక్తి అంతే. వినడానికి పెద్దగా అనిపించదు. కానీ అది చదరపు మిల్లీమీటర్లలో కొలిచే చోట, సెకనులో లక్షవ వంతుకు అటూఇటూగా ఉండే కాలంలో ఖర్చవుతుంది.

అంత వేగంగా లోహం వంగి జరిగినప్పుడు, ఆ పనిలో అధిక భాగం వేడిగా మారుతుంది. ఇక్కడే టైటానియం బలహీనత బయటపడుతుంది. ఈ మిశ్రమలోహపు ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు 7 వాట్ల దగ్గర ఉంటుంది. మామూలు కార్బన్ ఉక్కుకు అది 50 దాకా, అల్యూమినియం మిశ్రమాలకు 100 పైన ఉంటుంది. వేడి పక్కకు పారదు. వేడెక్కిన చోట లోహం మెత్తబడుతుంది, మెత్తబడిన చోటే ఇంకా జరుగుతుంది, జరిగినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. చివరికి వైకల్యమంతా కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పున్న సన్నని పట్టీల్లోకి కుదించుకుపోతుంది. వీటిని ఎడియబాటిక్ షియర్ బ్యాండ్లు అంటారు. దెబ్బ అయిపోయాక ఆ పట్టీ చల్లబడుతుంది కానీ లోపలి నిర్మాణం చుట్టుపక్కల లోహంలా ఉండదు. కొన్నిచోట్ల అందులో రంధ్రాలో, సూక్ష్మమైన పగుళ్లో మిగిలిపోతాయి. గుంట అంచున లోహం గట్టులా పైకి లేస్తుంది, ఆ గట్టు కూడా అక్కడక్కడా చిట్లుతుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో రాబర్ట్ రిచీ బృందం ఈ గోళీ ప్రయోగాలను వివరంగా చేసింది. సెకనుకు 300 మీటర్ల దెబ్బల్లో గుంట గట్టు దగ్గర సూక్ష్మ పగుళ్లు కనిపించాయి. 200 మీటర్ల దెబ్బల్లో అవి లేవు. గుంట ఉంది, గుండ్రంగా, నున్నగా, అంతే. ఈ తేడా చాలా ముఖ్యమైనది. వేగం పెరిగేకొద్దీ గుంట క్రమంగా లోతవుతుంది, కానీ నష్టం మాత్రం క్రమంగా పెరగదు. ఒక హద్దు దాటగానే రకం మారిపోతుంది. పగులు పుట్టాల్సిన దశ ఒకటి ఉండేది, ఇప్పుడది దాటిపోయింది. ఫెటీగ్ ఆయుష్షులో ఎక్కువ భాగం పగులు పుట్టడానికే పడుతుంది కాబట్టి, దెబ్బ ఆ భాగాన్ని ముందే మింగేసినట్టే.

ఆకారం, అవశేషం

గాటు ఆకారం లెక్క మాత్రం చాలా పాతది. గాటు దగ్గర స్ట్రెస్ (లోహంలో ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే బలం) ఎన్ని రెట్లు పెరుగుతుందో ఉజ్జాయింపుగా చెప్పాలంటే, లోతును అడుగు వంపు వ్యాసార్థంతో భాగించి, వర్గమూలం తీసి, రెండుతో గుణించి, ఒకటి కలపాలి. అర మిల్లీమీటరు లోతు, అడుగు వంపు కూడా అర మిల్లీమీటరే అయితే మూడు రెట్లు. అదే లోతులో అడుగు 0.1 మిల్లీమీటరంత పదునుగా ఉంటే అయిదున్నర రెట్లు. లోతు మారలేదు, పదును మారింది, స్ట్రెస్ దాదాపు రెట్టింపయింది. అయితే మరీ పదునైన గాట్ల దగ్గర ఫెటీగ్ బలం ఈ లెక్క చెప్పినంతగా పడిపోదు. ఎక్కువ స్ట్రెస్ ఉన్న ప్రాంతం మరీ చిన్నదైతే అక్కడ పుట్టిన పగులు కొద్ది దూరం వెళ్లి ఆగిపోతుంది. ఆగిపోయిన పగుళ్లతో కోటి చక్రాలు బతికిన నమూనాలు ఎన్నో ఉన్నాయి. ఆకారం ఒక్కదాన్నే పట్టుకుని లెక్కలేసిన వాళ్లు కొన్నిసార్లు అతి భయపడతారు, మిగతావి మరచి కొన్నిసార్లు అతి ధైర్యపడతారు.

ఆ మిగతావాటిలో మొదటిది అవశేష స్ట్రెస్. దెబ్బ ఆగిపోయాక, బలవంతంగా జరిగిన లోహం వెనక్కి పోలేదు. దాని చుట్టూ ఉన్న, జరగని లోహం దాన్ని వెనక్కి నెట్టాలని చూస్తుంది. ఈ పెనుగులాట లోపల శాశ్వతంగా మిగిలిపోతుంది. కొన్ని చోట్ల అది నొక్కే స్ట్రెస్. అది పగుళ్లను మూసి ఉంచుతుంది కాబట్టి మేలే. కానీ ఏ బలమూ బయటి నుంచి లేనప్పుడు లోపలి బలాలన్నీ కలిపి సున్నా కావాలి. ఒకచోట నొక్కుడు ఉంటే మరోచోట లాగుడు ఉండి తీరుతుంది. గుంట గట్టు దగ్గరో, అడుగుకు కొంచెం పక్కనో లాగే స్ట్రెస్ పోగుపడితే, ఇంజిన్ తిరిగేటప్పుడు వచ్చే అపకేంద్ర లాగుడు దానికి తోడవుతుంది.

దీని పాత్రను విడదీసి చూడటానికి పరిశోధకులు వాడే ఉపాయం తెలివైనది. ఒకే రకం దెబ్బ తిన్న నమూనాల్లో కొన్నింటిని వాక్యూమ్ ఫర్నేస్‌లో వేడిచేసి అవశేష స్ట్రెస్‌ను సడలిస్తారు. ఆకారం మారదు, పగుళ్లు అలాగే ఉంటాయి, లోపలి పెనుగులాట మాత్రం పోతుంది. అలా సడలించాక ఫెటీగ్ బలం పెరిగితే అక్కడ లాగే స్ట్రెస్ హాని చేస్తోందని, తగ్గితే నొక్కే స్ట్రెస్ కాపాడుతోందని అర్థం. ఇంకో చిక్కు ఏమిటంటే ఈ స్ట్రెస్ ఫర్నేస్ లేకుండానే సడలిపోతుంది. మొదటి కొద్ది చక్రాల్లో స్ట్రెస్ బాగా ఎక్కువైతే గాటు అడుగున లోహం మళ్లీ కొద్దిగా జరిగి పాత లెక్కను చెరిపేస్తుంది. దెబ్బ తగిలిన నిమిషంలో కొలిచిన అవశేష స్ట్రెస్ పది నిమిషాల తర్వాత అక్కడ ఉంటుందనే గ్యారంటీ లేదు.

పగులు ఎంత చిన్నదైతే ప్రమాదం లేదు?

దీనికి అందరూ ఆశ్రయించే పటం 1976లో కితగావా, తకహాషీ అనే ఇద్దరు జపాన్ పరిశోధకులు ఇచ్చింది. అడ్డంగా పగులు పొడవు, నిలువుగా తట్టుకోగల స్ట్రెస్. పగులు మరీ చిన్నగా ఉన్నంతవరకు గీత సమతలంగా ఉంటుంది, నున్నటి లోహపు ఫెటీగ్ బలమే వర్తిస్తుంది. ఒక పొడవు దాటాక గీత కిందికి వాలుతుంది, అక్కడి నుంచి పగులు పెరగడానికి కావలసిన కనీస హద్దు, అంటే థ్రెషోల్డ్ విలువే శాసిస్తుంది. ఆ మలుపు ఎక్కడుందన్నదే ప్రశ్న. టీఐ-6ఏఎల్-4వీలో పొడవైన పగుళ్లకు థ్రెషోల్డ్, కనిష్ఠ స్ట్రెస్ గరిష్ఠంలో పదో వంతు ఉన్నప్పుడు, 4.6 మెగాపాస్కల్ రూట్ మీటర్ (స్ట్రెస్‌ను పగులు పొడవు వర్గమూలంతో కలిపి చూసే కొలత) దగ్గర ఉంటుంది. నున్నటి నమూనా తట్టుకునే స్ట్రెస్ వ్యాప్తిని (గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడాను) 450 మెగాపాస్కల్‌గా తీసుకుని లెక్కిస్తే, మలుపు కొన్ని పదుల మైక్రాన్ల దగ్గర తేలుతుంది. దెబ్బ వల్ల గట్టు దగ్గర చిట్లిన సూక్ష్మ పగుళ్ల పొడవు కూడా సరిగ్గా ఆ స్థాయిలోదే. అందుకే అవి ఇంత తంటా తెస్తాయి. అవి మలుపుకు అవతల ఉన్నాయా, ఇవతల ఉన్నాయా అన్నది ఒక్కో గాటుకు ఒక్కోలా ఉంటుంది.

పైగా 4.6 అన్న అంకె బ్లేడ్‌కు నేరుగా వర్తించదు. తిరిగే బ్లేడ్ మీద అపకేంద్ర బలం ఎప్పుడూ పెద్ద లాగుడును ఉంచుతుంది, దాని మీద చిన్న కంపనం తారాడుతుంది. కనిష్ఠం, గరిష్ఠం దగ్గర దగ్గరగా ఉంటాయి. అలాంటప్పుడు పగులు ముఖాలు ఒకదానికొకటి తాకవు, తాకి మూసుకోవడం వల్ల దొరికే రక్షణ పోతుంది, థ్రెషోల్డ్ తగ్గుతుంది. రిచీ బృందం దాన్ని అత్యంత ప్రతికూల స్థితిలో కొలిస్తే 1.9 మెగాపాస్కల్ రూట్ మీటర్ వచ్చింది. గోళీ గుంటల నుంచి మొదలైన పగుళ్లు మాత్రం 2.9 కంటే తక్కువలో పెరగలేదు. అంటే ఆ 1.9 అంకెను హద్దుగా పెట్టుకుంటే గోళీ దెబ్బలకు సరిపోతుందన్నమాట. ఇది డిజైనర్లకు ఊరటనిచ్చే ఫలితమే. కానీ అది ఒక రకం సూక్ష్మ నిర్మాణానికి, చదునైన తలం మీద నిలువుగా తగిలిన గుండ్రటి గోళీకి సంబంధించినది. అసలు బ్లేడ్ ముందంచు సన్నగా ఉంటుంది, రాయి గుండ్రంగా ఉండదు, తగిలే కోణం ఏదైనా కావచ్చు.

కోణం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. సన్నని అంచుకు ఎదురుగా తగిలితే అంచు నలిగి, గుంట పడుతుంది. ఏటవాలుగా తగిలితే వస్తువు లోపలికి దిగిన వైపు నునుపుగా, బయటికి పోయిన వైపు చిరిగినట్టుగా ఉంటుంది. కొంత లోహం ఊడిపోతుంది కూడా. చిరిగిన ఆ వైపే పగుళ్లకు పుట్టిల్లు. తనిఖీ చేసే వ్యక్తి దిగిన వైపు మాత్రమే చూస్తే గాటు సౌమ్యంగానే కనిపిస్తుంది.

ఇంత తేడా ఉన్నప్పుడు ల్యాబ్‌లో దెబ్బను ఎలా అనుకరించాలన్నది చిన్న ప్రశ్న కాదు. చవకైన దారి, మిల్లింగ్ మెషీన్‌తో అదే ఆకారంలో గాటు కోయడం. అందులో ఆకారం ఉంటుంది కానీ నలిగిన లోహం, షియర్ బ్యాండ్లు, చిట్లిన గట్టు ఉండవు. ఉలి లాంటి పరికరంతో నెమ్మదిగా నొక్కితే అవశేష స్ట్రెస్ వస్తుంది, వేగం వల్ల వచ్చే వేడి రాదు. గ్యాస్ గన్ అన్నిటినీ ఇస్తుంది కానీ రెండు షాట్లు ఒకేలా రావు. నా దృష్టిలో చివరిదాని ఫలితాల్లో కనిపించే ఆ చెదురుపాటు ప్రయోగపు లోపం కాదు, ఆ సమస్య స్వభావమే అది. ఒకే లోతు గాట్లు వేర్వేరు బలాలు ఇస్తుంటే, సగటు తీసి ఒక గీత గీయడం వల్ల ఉపయోగం తక్కువ. కింది హద్దు ఎక్కడుందో తెలియాలి.

ఎక్కడ తగిలిందన్నదే సగం లెక్క

గాటు ఎంత చెడ్డదన్నది దాని చోటును బట్టి ఉంటుంది. బ్లేడ్ ఒక్క తీరున కంపించదు. మొదటి వంపు తీరులో ఎక్కువ స్ట్రెస్ మొదలు దగ్గర ఉంటుంది, కొస దగ్గర దాదాపు ఏమీ ఉండదు. కొస దగ్గర వేగం ఎక్కువ కాబట్టి దెబ్బలు అక్కడే గట్టిగా తగులుతాయి. ఆ లెక్కన అదృష్టమే అనుకోవచ్చు. కానీ పై తరహా కంపనాల్లో, మెలి తిరిగేవాటిలో, కొసకు దగ్గరగా ముందంచు మీదే స్ట్రెస్ శిఖరాలు వస్తాయి. ఇంజిన్ ఏ వేగం దగ్గర ఏ కంపనం రెచ్చుతుందో తెలిస్తే తప్ప, ఫలానా చోట గాటు పర్వాలేదని చెప్పలేం. మెయింటెనెన్స్ మాన్యువల్స్‌లో బ్లేడ్‌ను ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో హద్దు ఇవ్వడం వెనక ఉన్న కారణం ఇదే.

హద్దు లోపల ఉన్న గాటును అలాగే వదలరు, సాపు చేస్తారు. ఆకురాయితోనో, చిన్న గ్రైండర్‌తోనో గాటు చుట్టూ లోహం తీసేసి, పదునైన అడుగును వెడల్పాటి నున్నటి వంపుగా మారుస్తారు. లోతు నిజానికి పెరుగుతుంది! అయినా బలం పెరుగుతుంది, ఎందుకంటే పదును పోయింది, చిట్లిన లోహం పోయింది, చెడ్డ అవశేష స్ట్రెస్ ఉన్న పొర పోయింది. కాకపోతే కనిపించే గాటు అడుగు దాకా తీస్తే సరిపోదు, దాని కింద నలిగిన పొరను కూడా తీయాలి. లేకపోతే నున్నటి వంపు అడుగున పగులు దాగి ఉంటుంది, అదీ ఎవరికీ అనుమానం రాని చోట. అందుకే సాపు చేశాక, పగుళ్లలోకి ఇంకే పెనెట్రెంట్ రంగుతోనో, లోహంలో విద్యుత్ సుడులు పుట్టించి పగుళ్లు పట్టే ఎడ్డీ కరెంట్‌తోనో మళ్లీ చూస్తారు.

దెబ్బ తగలక ముందే లోహాన్ని సిద్ధం చేసే దారి కూడా ఉంది. చిన్న గోళీలతో ఉపరితలాన్ని కొట్టే షాట్ పీనింగ్ పాత పద్ధతి. దానివల్ల వచ్చే నొక్కే స్ట్రెస్ మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతుల లోతుకే పరిమితం. అర మిల్లీమీటరు గాటు ఆ పొరను ఒక్క దెబ్బతో దాటేస్తుంది. గోళీల బదులు లేజర్ దెబ్బలతో కొట్టే లేజర్ షాక్ పీనింగ్‌లో అది మిల్లీమీటరు, అంతకంటే లోతుకు వెళ్తుంది, అప్పుడు గాటు అడుగు కూడా నొక్కుడు ఉన్న ప్రాంతంలోనే పడుతుంది. 1990లలో బీ-1బీ బాంబర్ల ఎఫ్101 ఇంజిన్ ఫ్యాన్ బ్లేడ్లకు దీన్ని వాడటం మొదలుపెట్టడానికి కారణం ముందంచు గాట్ల బెడదే. పగులు పుట్టకుండా ఆపడం దీని పని కాదు, పుట్టిన పగులును ముందుకు పోనివ్వకపోవడం దీని పని. ఖరీదు ఎక్కువ కాబట్టి అన్ని బ్లేడ్లకూ రాదు. కానీ లోతు సమస్యకు లోతుతోనే జవాబు చెప్పిన పద్ధతి ఇదొక్కటే అనిపిస్తుంది.

గామా టైటానియం అల్యూమినైడ్ కథ కొంచెం వేరు. జీఈఎన్‌ఎక్స్ అనే జెట్ ఇంజిన్ వెనక భాగంలోని లో-ప్రెషర్ టర్బైన్ చివరి దశల్లో వాడిన ఈ టైటానియం-అల్యూమినియం పదార్థం మరింత తేలిక, కానీ సాగే గుణం ఒకటి రెండు శాతమే. దీనికి దెబ్బ తగిలితే సొట్ట పెద్దగా పడదు, తగిలిన వైపుకు వెనక పక్కన పగులు తేలుతుంది. ముందు వైపు చూసి తీర్పు చెప్పే అలవాటు ఇక్కడ అసలే పనికిరాదు.

బ్లేడ్లు విడిగా బిగించే ఇంజిన్లలో అనుమానం వస్తే ఆ ఒక్క బ్లేడ్‌ను తీసి కొత్తది పెట్టొచ్చు. బ్లేడ్లను మోసే డిస్క్, బ్లేడ్లు ఒకే ముక్కగా చెక్కిన బ్లిస్క్‌లలో ఆ వెసులుబాటు లేదు. ఒక్క గాటు హద్దు దాటితే మొత్తం ముక్క పక్కన పెట్టాలి, లేదా ఆ బ్లేడ్‌కు వెల్డింగ్ ద్వారా కొత్త భాగం అతకాలి. అందుకని సాపు చేసే హద్దులను వీలైనంత పెంచాలన్న ఒత్తిడి ఉంటుంది. కానీ ఒక బ్లేడ్ నుంచి ఎక్కువ లోహం తీస్తే దాని సహజ కంపన సంఖ్య మారుతుంది, పక్క బ్లేడ్లతో పొత్తు తప్పుతుంది. కొన్ని సందర్భాల్లో కంపనమంతా ఆ ఒక్క బ్లేడ్‌లోనే పోగుపడుతుంది. బ్లిస్క్ మీద గాటును సాపు చేయొచ్చా అని తేల్చేవాళ్లు ఇప్పుడు గాటు దగ్గర స్ట్రెస్‌తో పాటు, సాపు చేసిన తర్వాత బ్లిస్క్ మొత్తం ఎలా కంపిస్తుందో కూడా లెక్కగట్టాల్సి వస్తోంది.